రెండు నిమిషాలు ఆగాల్సిన కారు

నేను అద్దెకుండే ఇంటాయన కారు అమ్ముతున్నాడంటే నవ్వొచ్చింది నాకు. పంజగుట్ట సందులో, రేకుల షెడ్డు కింద, పట్టా కప్పి దాచాడంటే ఏ డొక్కు జీపో అనుకున్నాను. అప్పట్లో పొద్దున అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు నేర్చుకుని, సాయంత్రం అదే కోర్సు పక్క సందులో చెప్పేదాన్ని. మనకు తెలియనిది లేదన్న పొగరు ఉండేది.

పట్టా తీసిన రోజు చూస్తే జీపు కాదు. ఎర్రటి కారు, నా నడుము ఎత్తు కూడా లేదు. రెండే సీట్లు, స్టీరింగు ఎడమవైపు. వెనక మూత కింద టర్బో ఇంజను, పొగ తోపుడుకు తిరిగే చిన్న చక్రంతో అదనపు బలం పుంజుకునేది. ఎప్పుడో ఫ్యాక్టరీ కట్టడానికొచ్చిన విదేశీ ఇంజనీరు వెళ్తూ వెళ్తూ ఇంటాయనకు అమ్మేసి పోయాడట. ఆయన వర్క్‌షాపు ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషి. దొరకని భాగాలు లేత్ మీద తనే చేసుకుని దాన్ని బతికించాడు. ఇప్పుడు గ్లకోమాతో చూపు పోతోంది, నీడలు మాత్రమే తెలుస్తున్నాయి.

"కండ్లు పూర్తిగ పోకముందే మంచి చేతిల పెట్టాలె బిడ్డా. ఎవడో ఖరాబు చేస్తే నేను ఓర్వలేను" అన్నాడు.

మా నాన్న కాకినాడలో టాక్సీ తోలేవాడు, నాకూ నేర్పాడు. ఆ సంగతి తెలిసి, కొనేవాళ్ళను ఎక్కించుకుని తిప్పే పని నాకు అప్పగించాడు. ఒకే ఒక్క నియమం చెప్పాడు: "గట్టిగ తొక్కినంక యాడ ఆపినా ఇంజను బంద్ చెయ్యకు. రెండు నిమిషాలు ఊకెనే తిరగనియ్యి. టర్బో ఎర్రగ కాలుతుంటది. నూనె పారితేనే సల్లబడతది."

"నాకు చెప్పాలా అంకుల్? టాక్సీ డ్రైవర్ కూతుర్ని" అన్నాను.

ఆదివారం ఆయన చర్చి నుంచి వచ్చాక మొదటి బేరం వచ్చింది. సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టిన పెద్దమనిషి, మా కోస్తా వైపాయన. మా సందులోంచి ఎటు వెళ్ళాలన్నా ముందు అమీర్‌పేట దాకా పోయి, యూటర్న్ తీసుకుని, మళ్ళీ పంజగుట్ట సిగ్నల్‌కు రావాలి. ఖాళీ రోడ్డు మీద తొక్కాను. ఏమీ కాలేదు. ఇంతేనా అనుకునేలోపు వెనక నుంచి ఎవరో రెండు చేతులతో తోసినట్టయింది. గోడల మీది కోర్సుల పోస్టర్లన్నీ ఒకటే గీతైపోయాయి. భయం వేసింది, వెంటనే దండం పెట్టాలనీ అనిపించింది. మనిషన్నవాడు ఇలాంటిది కూడా చేయగలడా అని కళ్ళు చెమర్చాయి.

ఆ మైకంలోనే సిగ్నల్ దగ్గరికొచ్చాం. రెడ్ పడింది. రెడ్ పడితే ఇంజను ఆపి పెట్రోలు మిగల్చాలన్నది మా నాన్న పాఠం. చెయ్యి దానంతటదే తాళం తిప్పేసింది.

"పర్వాలేదే, పొదుపు తెలిసినవారే!" అని పక్క సీట్లో పెద్దమనిషి మెచ్చుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, రెండు నిమిషాల నియమం.

ఇంటికొచ్చి ఇంకా దిగనైనా లేదు. గేటు దగ్గర నిలబడ్డ ఇంటాయన, "సిగ్నల్ కాడ బంద్ చేసినవు" అన్నాడు. నాలుగిళ్ళ అవతల జరిగింది చెవులతో పట్టేశాడు. సిగ్గుతో చచ్చిపోయాను. "ఒక్కసారికి ఏం గాదు తియ్యి" అన్నాడు గానీ, ఇంజను మూత మీద పెట్టిన చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

రెండు నిమిషాల సంగతి విని ఆ పెద్దమనిషి నవ్వాడు. "ఏంటండీ, కారు కొంటే కాపలా కూడా కాయాలా? మా ఆఫీసు లాబీలో అద్దాల మధ్య పెడతాను. స్టార్ట్ చేసే పనే ఉండదు."

"గట్లయితే బొమ్మ కొనుక్కో భాయ్" అన్నాడు ఇంటాయన.

కొన్ని వారాలకు ఇంకొకాయన వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. సిటీ బస్సు దిగి నడిచొచ్చి, ముందు ఇంజను మూత తెరవమన్నాడు. చూస్తూ అలాగే నిలబడిపోయాడు. చెప్పులు విప్పి కారెక్కాడు. ఇంటాయన ఆయనకు నియమం ఒక్కసారే చెప్పాడు.

తాళం చేతులు మారిన రోజు, ఇంటాయన కారు మీద చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన చేశాడు. రెండు నిమిషాల సంగతి మళ్ళీ చెబుదామని నేను నోరు తెరిచేసరికి నా మణికట్టు పట్టుకున్నాడు. "చెప్పిన గదా. ఇంక ఆయనది."

కారు వెళ్ళిపోయింది. ఇద్దరం గేటు మెట్టు మీద కూర్చున్నాం.

"మస్తు తొక్కుతుండు" అన్నాడు. కాసేపటికి, "యూటర్న్ కొట్టిండు" అన్నాడు. నాకేమీ వినపడలేదు. తర్వాత ఆ చప్పుడు పెద్దదై, మా సందు చివర దాటి, సిగ్నల్ దగ్గర తగ్గింది. లేచి చూశాను. రెడ్.

"రెడ్ పడింది అంకుల్."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆటోలు ఒక్కొక్కటే ఇంజను ఆపేస్తున్నాయి. స్కూటర్లు కూడా ఆగాయి. ఊళ్ళో అందరి చెయ్యీ మా నాన్న చెయ్యే అనిపించింది. రోడ్డంతా నిశ్శబ్దమైపోయాక, అడుగున ఒక్క సన్నటి చప్పుడు మిగిలింది. ఈసారి అది నాకూ వినపడింది.

"బంద్ చెయ్యలే బిడ్డా" అన్నాడు ఇంటాయన. గ్రీన్ పడేదాకా నా మణికట్టు వదల్లేదు.