మా ఇంటి టెస్ట్ షీటు

ఎనిమిదేళ్ళ కిందట, డిసెంబరు మొదటి వారంలో, నన్ను బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో కొత్తగా కట్టిన ఒక అపార్ట్‌మెంటుకు సూపర్‌వైజరుగా వేశారు. ప్రతి ఫ్లాటులోనూ ట్యాంకు లేని కరెంటు హీటర్లు బిగించి, పరీక్షించి, కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వడం పని. మా కాంట్రాక్టరు దగ్గర హోదాలు నాలుగు: హెల్పరు, వైర్‌మ్యాను, సూపర్‌వైజరు, ఇంజనీరు. ఎనిమిదో తరగతిలో లెక్కల అయ్యవారికీ నాకూ పొసగక బడి మానేసినవాణ్ణి నేను. మూడో మెట్టు దాకా ఎక్కడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. నాలుగోది ఎక్కాలంటే మళ్ళీ ఆ అయ్యవారి దగ్గరికే పోవాలి కాబట్టి మూడో దాని మీదే హాయిగా కూర్చున్నాను.

పని తెలియనివాళ్ళ కోసం ఒక మాట. ట్యాంకు ఉన్న గీజరు నిదానస్తురాలు. నీళ్ళు పొట్టలో పెట్టుకుని మెల్లగా కాచుకుంటుంది, రెండు వేల వాట్లు చాలు. ట్యాంకు లేనిదానికి ఓపిక తక్కువ. నీళ్ళు పారుతూ ఉండగానే కాచాలి గనుక నాలుగున్నర వేల వాట్లు లాగుతుంది. దానికి మీటరు బోర్డు నుంచి విడిగా లైను, లావుపాటి రాగి వైరు, సొంత బ్రేకరు, కరెంటు ఎక్కడైనా కారితే రెప్పపాటులో ఆపేసే మరో బ్రేకరు కావాలి. అన్నిటికంటే ముఖ్యం ఎర్త్. కారిన కరెంటు మనిషి ఒంట్లోంచి కాకుండా నేలలోకి పోయే దారి అది. ఇవన్నీ పరీక్షించి టెస్ట్ షీటు రాస్తాం. దాని మీద వైర్‌మ్యాను, సూపర్‌వైజరు, ఇంజనీరు, చివర ఇంటివాళ్ళు సంతకం పెట్టాలి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా నేను పెన్ను మూత తీసేవాణ్ణి కాదు. ఆ సంగతి రోజూ సాయంత్రం జిగణిలో మా ఇంటికి వచ్చి నా భార్య సరోజకు గొప్పగా చెప్పేవాణ్ణి కూడా.

సరోజ అదంతా విని ఒకటే అనేది. "ఊరికంతా వేణ్ణీళ్ళు ఇచ్చి వస్తా ఉండావు. ఈడ నేను పొయ్యి ఊది ఊది కొలిమికాడి తిత్తి అయిపోతా ఉండా."

మా పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద గుండిగ లాంటి పెద్ద రాగి హండే. తెల్లారి ఆరుకల్లా నీళ్ళు కాచి, పన్నెండు అడుగులు బకెట్టు మోసి బాత్రూములో పెట్టి, "నీళ్ళు కాగినాయి, లెయ్యప్పా" అని కేకేసేది. నేను వెక్కిరిస్తూ, హండే నీళ్ళకుండే పొగవాసన, రుచి మిషన్లో ఎక్కడొస్తాయి అనేవాణ్ణి.

"రుచి నీకు, మోత నాకు," అనేది.

ఆ ఏడు ఆమె కుడి భుజం పట్టేసింది. బరువులు ఎత్తవద్దని డాక్టరు చెప్పాడు. ఒక పొద్దున బకెట్టు చేయి జారి వేణ్ణీళ్ళు పాదం మీద పడ్డాయి. మర్నాడు మడమ మీద నడుస్తూ కూడా ఆరింటికే కేకేసింది. ఆ కేక వినడానికి నాకు మనసొప్పలేదు. ఆ ఆదివారమే హీటరు పెడతానన్నాను.

ట్యాంకు లేనిదే ఎందుకంటే, మా బాత్రూము గోడ నాలుగంగుళాల సిమెంటు దిమ్మెలది. ట్యాంకు నిండితే ఆ గోడ మోయదు. ఇంటి లోడు పెంచమని కరెంటాఫీసుకు ఆమె భుజం పట్టేసినప్పుడే అర్జీ ఇచ్చి ఉన్నాను, మంజూరైంది. ట్యాంకు లేనిదానికి నీళ్ళు జోరుగా దిగాలి, ఆ జోరు చాలకపోతే లోపలి స్విచ్చే పడదు. అందుకని మిద్దె మీది నీళ్ళ ట్యాంకును ఇనుప స్టాండు మీదికి ఎత్తాను. మా బోరు నీళ్ళు ఉప్పు నీళ్ళు, హీటరు లోపల తెల్లటి పొలుసు కట్టేస్తాయి, కనుక విప్పి కడగడానికి వీలైన రకం ఎంచుకున్నాను. ఆదివారం పదకొండుకల్లా లైను లాగి, హీటరు బిగించి, చేతులు దులుపుకున్నాను. షాకు ఆపే బ్రేకరు మాత్రం సైటు నుంచి రేపు తెచ్చుకోవచ్చులే అనుకున్నాను.

స్విచ్ వేయబోతుంటే సరోజ గుమ్మంలో నిలబడింది.

"ఏమప్పా సూపర్‌వైజరూ, నా కాగితం యాడ?"

"ఏం కాగితమ్మే?"

"ఫ్లాటోళ్ళకు ఇస్తావే, నాలుగు సంతకాలది. వాళ్ళు మనుషులూ, నేను గొడ్డునా?"

సంచిలో ఖాళీ షీటు ఒకటి ఉంది. సరే, ఆట పట్టిద్దామని గట్టిగా చదువుతూ రాయడం మొదలుపెట్టాను. ఇంటివారి పేరు, సరోజ. "హోదా రాయి, ఓనరమ్మ," అంది. రాశాను. వైరు సైజు, సరి. బ్రేకరు, సరి. షాకు బ్రేకరు దగ్గర "రేపు" అని రాస్తే, ఆ గడిలో రేపు అని ఫ్లాటులో ఎవరికైనా రాశావా అని అడిగింది. నవ్వి దాటేశాను. తర్వాతి గడి ఎర్త్.

నవ్వుతూనే టెస్ట్ ల్యాంపు తీశాను. హోల్డరులో బల్బు, రెండు వైర్లు, అంతే. ఒక వైరు కరెంటు వచ్చే ఫేజుకు, ఒకటి ఎర్త్‌కు తగిలిస్తే బల్బు వెలగాలి. వెలగలేదు.

"బల్బు పోయిందేమో," అంది సరోజ.

రెండో వైరు కరెంటు తిరిగిపోయే న్యూట్రల్‌కు పెట్టాను. భగ్గున వెలిగింది. మళ్ళీ ఎర్త్‌కు పెట్టాను. చీకటి.

"బల్బు బాగుండాది. పోయింది నా బుద్ధి," అన్నాను.

ఇల్లు కట్టిన ఏడాది ఎర్త్ గుంత తవ్వే తీరిక లేక, ఎర్త్ వైరును ఇనుప నీళ్ళ పైపుకు చుట్టేశాను. పైపు నేలలోకి పోతుంది కదా, చాలు అనుకోవడం ఆ కాలంలో మా పనివాళ్ళలో చాలామందికి అలవాటైన తప్పు. గుంత తర్వాత తవ్వుదాం అనుకున్నాను. పదేళ్ళ తర్వాత పైపు తుప్పుపడితే ప్లంబరును పిలిచి ప్లాస్టిక్ పైపులు వేయించాను. టీ ఇచ్చి దగ్గరుండి మార్పించింది కూడా నేనే. గోడలో జానెడు ఇనుప ముక్క, దానికి నా వైరు మిగిలాయి. ఆ ముక్కకు నేలతో సంబంధమే లేదు. హీటరు లోపల ఏదైనా కారి ఉంటే, తడి చేత్తో ట్యాపు పట్టుకున్న సరోజే ఎర్త్ అయ్యేది.

ఆమె అరవలేదు. ఒకటే అడిగింది. "ఫ్లాటోళ్ళ ఇంట్లో ఇట్ల ఉండింటే సంతకం పెట్టేవాడివా?"

"పెట్టేవాణ్ణి కాదు."

"మళ్ళ?"

ముప్ఫై ఏళ్ళలో ఏ ఇంజనీరూ నన్ను అంత చిన్న మాటతో నిలదీయలేదు.

ఎర్త్ గుంత మట్టినేలలో తవ్వాలి. మా పెరడంతా సిమెంటు. మట్టి మిగిలింది ఒక్కచోటే, పొయ్యి కింద. ఎలా చెప్పాలా అని నేను నసుగుతుంటే, సరోజే వెళ్ళి ఎడమ చేత్తో ఒక్కొక్క రాయీ దొర్లించి గోడ పక్కన పెట్టింది. "ఏమప్పా, పొయ్యి కోసం ఏడుస్తా ఉండావా? దాన్ని ఊదింది నేను," అంది. కానీ హండేను మాత్రం చింతపండు పెట్టి తోమి, బోర్లించి, చాలాసేపు దాని పక్కనే కూర్చుంది.

సైటు నుంచి ఒక వైర్‌మ్యాను సాయం వచ్చాడు. మూడు సాయంత్రాలు తవ్వి ఎర్త్ పైపు దించాం. తేమ నిలవడానికి పైపు చుట్టూ ఒక వరస ఉప్పు, ఒక వరస బొగ్గు వేయాలి. బొగ్గు కొనుక్కొస్తానంటే సరోజ ఒప్పుకోలేదు. ఏళ్ళుగా ఆ పొయ్యిలోంచి ఏరి గోనెసంచిలో దాచిన బొగ్గులు తెచ్చి తనే పోసింది. షాకు బ్రేకరు బిగించాను. సైటు నుంచి మీటరు తెచ్చి కొలిస్తే ఎర్త్ మూడు ఓములు వచ్చింది. ఐదు లోపుంటే మేం సంతకం పెడతాం. పెట్టాను. వైర్‌మ్యానూ పెట్టాడు, సైటు ఇంజనీరు చేతా పెట్టించాను. చివర ఆమె కన్నడ బడిలో నేర్చిన అక్షరాలతో కింద సంతకం చేసింది.

ట్యాపు తిప్పి, సన్నటి ధార చూసి, "ఇదేమప్పా, చీమలకు పోసేదానికా?" అంది. తర్వాత తలుపు వేసుకుని చాలాసేపు బయటికి రాలేదు. నీళ్ళ చప్పుడు వింటూ నేను పెరట్లో నిలబడ్డాను.

మర్నాడు ఆరింటికి మళ్ళీ కేక. "నీళ్ళు కాగినాయి, లెయ్యప్పా." కాచడానికి ఏముందే, ట్యాపు తిప్పితే వస్తాయి కదా అని నవ్వాను. "మిషన్ నిన్ను లేపుతాదా?" అంది. ఆ తర్వాత ఐదేళ్ళు రోజూ కేకేసింది. ఎర్త్ గుంత తడిగా ఉంటేనే పనిచేస్తుందని చెప్పినందుకు, కేకేసే ముందు అందులో ఒక చెంబు నీళ్ళు పోసేది.

సరోజ గుండెజబ్బుతో పోయి మూడేళ్ళయింది. హీటరు బాగానే పనిచేస్తోంది. ఏడాదికోసారి పొలుసు కడుగుతాను, ఎర్త్ కొలుస్తాను. చెంబు నీళ్ళు ఇప్పుడు నేనే పోస్తున్నాను. ఆరింటికి ఎవరూ పిలవరు కాబట్టి ఐదున్నరకే లేచి కూర్చుంటాను.

ఆ పనిలో నేర్చుకున్నది ఇది: ఊళ్ళో వాళ్ళ ఇంటికి ఏ కాగితం రాస్తామో, సొంత ఇంటికి అదే కాగితం మొదట రాయాలి. ఏ గడిలోనూ రేపు అని రాయకూడదు.