కుండలో వేయని పిడికెడు బియ్యం

శనివారం పొద్దునయ్యేసరికి నా ఫోను టింగుమంటుంది. నల్లమల గూడేల్లో సేవ చేస్తున్న యువజన సువార్త దండు వాళ్ల వార్తలవి. ఒకే రంగు చొక్కాలు తొడుక్కున్న కుర్రకారు ఫోటో, వాగు దాటుతున్న జీపు, కింద ప్రార్థన మనవులు. చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపేసి మళ్లీ కూరగాయలు తరుక్కుంటాను. ఆ వార్త కోసం ఒకప్పుడు మా చర్చి మొత్తం చాపల మీద కదలకుండా కూర్చునేదంటే మా పిల్లలు నమ్మరు.

మాది తనకల్లు దగ్గర చిన్న పల్లె. ఎర్రమన్ను, బండరాళ్లు, మబ్బుల వైపు చూసి చూసి మెడలు నొప్పిపుట్టిన జనం. వేరుశనగ పీకే రోజుల్లో పచ్చికాయలను కంపమంటలో కాల్చుకొని మసిమూతులతో ఇంటికి రావడం, ఎండాకాలం మధ్యాహ్నాలు అరుగు మీద గచ్చకాయలాడడం, డిసెంబరు చలిలో వెదురుబద్దలకు రంగుకాగితం అతికించి నక్షత్రం కట్టడం, అమ్మ ఓళిగలకు శనగబేడలు ఉడకేస్తుంటే బెల్లం కోసం పొయ్యి చుట్టూ తిరగడం, ఇవన్నీ నేను కరుణక్కతో కలిసి చేసినవే. అక్క నాకంటే పదేళ్లు పెద్ద. రాత్రిపూట దాని చెయ్యే నాకు దిండు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు దండు మా ఊరికి వచ్చింది. మూడు రోజులు డోలకు, కంజీర వాయిస్తూ వీధుల్లో పాడారు, గుడ్డ మీద గీసిన బొమ్మలు వేలాడదీసి కథలు చెప్పారు. మా ఊళ్లో అక్కలా పాడేవాళ్లు లేరు. నాలుగోరోజు పొద్దున అక్క రేకుపెట్టెతో వాళ్ల జీపెక్కింది. రెండేళ్లు ఇంటికి రాకూడదని దండు నియమం. అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూనే అందరికీ గొప్పగా చెప్పుకుంది. నన్ను మాత్రం ఎవరూ ఒక్కమాట అడగలేదు.

అక్క ఉత్తరాలు ఇంటికి రావు, సంఘానికి వస్తాయి. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరయ్య వాటిని చదివి వినిపించేవాడు. ఫలానా గూడెంలో జ్వరాలు, ఫలానా చోట పిల్లలకు అక్షరాలు నేర్పుతున్నాం, సంఘమంతటికీ వందనాలు. ఆ ‘అంతటికీ’లో నేనెక్కడున్నానో వెతుక్కునేదాన్ని. ఇంటికొచ్చి పడుకుంటే దిండు గట్టిగా ఉండేది. ఇల్లు నిండా మనుషులున్నా నాకు ఎవరూ లేనట్టే ఉండేది.

మాలో అప్పట్లో ఒక అలవాటుండేది. సంగటికైనా అన్నానికైనా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. అది దేవుని పాలు, ఆయన వంతు. శనివారం సాయంత్రం నేను సంచి పట్టుకొని మా వీధిలోని విశ్వాసుల ఇళ్లన్నీ తిరిగి ఆ బియ్యం తెచ్చి చర్చిలో పోయాలి. దండు జీపు వచ్చినప్పుడు దాన్ని పట్టుకుపోయేది. ఒక ఆదివారం పాస్టరయ్య అన్నాడు. “మీ పిడికెడే ఆ బిడ్డలకు అన్నం. ఇది ఆగిపోతే వాళ్లు ఇండ్లకు తిరిగి రావాల్సిందే.”

అంతే, నాకు దారి దొరికింది. మా ఇంట్లో తీసిన పిడికెడును మళ్లీ డబ్బాలోనే పోసేశాను. ఇంటింటికీ పోయి, “కరువు కదా, కొన్నాళ్లు వద్దంట, పాస్టరయ్య చెప్పమన్న్యాడు” అన్నాను. వాన లేని ఏడు అది, ఎవరూ మారు అడగలేదు. తేలికైన సంచిని చూసి పాస్టరయ్య కూడా జనం దగ్గర లేదేమో అనుకొని, అడగడానికి మొహమాటపడ్డాడు. మిగతా వీధుల నుంచి వచ్చిన అరమూటతోనే జీపు వెళ్లిపోయింది. ఇక అక్క వచ్చేస్తుందని రోజూ రోడ్డు దాకా పోయి నిలబడేదాన్ని.

అక్క రాలేదు, ఉత్తరం వచ్చింది. “మన ఊరిలో కరువు ఎంతగా ఉందో బియ్యం చూస్తేనే తెలిసింది. మీరు పస్తులుండి మాకు పంపవద్దు. మేము ఒంటిపూట తింటున్నాము. మా చెల్లెలు ఆకలికి ఆగలేదు, దానికి అన్నం తగ్గించవద్దని మా అమ్మకు చెప్పండి.” అన్ని ఉత్తరాల్లో నా మాట వచ్చింది అదొక్కసారే. చాప మీద పడి ఏడ్చాను. అక్క మీద ప్రేమ అనుకొని పాస్టరయ్య నా తల నిమిరాడు. నిజం చెప్పే ధైర్యం రాలేదు.

ఆ మరుసటి రోజు నుంచి మా ఇంట్లో రెండేసి పిడికిళ్లు తీశాను. శనివారం దాకా ఆగకుండా ప్రతి గడపా ఎక్కి, మళ్లీ తీయండి, బిడ్డలు పస్తులున్నారమ్మా అని బతిమాలాను. ఈసారి జీపు రెండు నిండు మూటలతో కదిలింది. అక్క గూడెంలోనే ఉండిపోయింది. రెండేళ్లు పదేళ్లయ్యాయి, పెళ్లి మాటే ఎత్తలేదు, అక్కడే పిల్లలకు బడి పెట్టింది.

పోయిన ఏడాది అమ్మ జ్ఞాపకార్థ కూడికకు అక్క వచ్చింది, తల ముగ్గుబుట్టయి. మా చర్చిలో ఇప్పుడు పిడికెడు బియ్యం లేదు, ఇచ్చేవాళ్లు ఫోన్లోనే ఇచ్చేస్తారు. ఉత్తరం చదివే అయ్యా లేడు, వినే చాపలూ లేవు. మధ్యాహ్నం అరుగు మీద ఇద్దరమే కూర్చున్నప్పుడు, ఇన్నేళ్లకు, చేసిన పని చెప్పేశాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

“ఆ నెల నేను పెట్టె సర్దుకున్న్యా పాపా,” అంది. “ఆడ ఒక్కదాన్నే ఉండల్యాక రోజూ ఏడుస్తాంటి. బియ్యం రాకపోతే ఇంటికి పంపిస్తామని మా లీడరన్న చెప్పినాడు. రాకుండా చెయ్యి దేవుడా అని ప్రార్థన గూడా చేసినా. అంతలో మన ఊరి నుంచి రెండు మూటలొచ్చె. కరువులో మీరంతా నోరు కట్టుకోని పంపినారనుకుంటి. ఇంగ ఏ మొగం పెట్టుకోని వచ్చేది?”

ఆ రెండు మూటల్లో ప్రతి గింజా నేను గడప గడపకూ పోయి అడిగి తెచ్చిందే.