అంకాలమ్మ కాళ్లు

మా అంకాలమ్మ నాలుగడుగులు వేస్తే కూర్చోవాలి. మెట్టు కనిపిస్తే మెట్టు మీద, గట్టు కనిపిస్తే గట్టు మీద, ఏమీ కనిపించకపోతే విప్పిన తన చెప్పుల మీదే. కూర్చునే ముందు మాత్రం, "అబ్బా, నా కాళ్లు పడిపోతాండాయి!" అని వీధి వీధికీ వినబడేలా చాటింపు వేస్తుంది.

కువైట్‌లోని ఎగైలాలో మేమిద్దరం ఒకే ఇంట్లో పని. వంట నాది. అక్కడ మామా అంటే అమ్మ; మేడమ్‌ను మామా అని, ఆమె తల్లిని పెద్ద మామా అని పిలుస్తాం. ఆ ముసలావిడను చూసుకోవడం అంకాలమ్మది. ఒకసారి సరుకులకని దుకాణానికి పోతే బియ్యం బస్తాల మీద కూలబడింది. అక్కడి కుర్రాడు పరుగెత్తుకొచ్చి, "లేవండి, అవి అమ్మేవి" అన్నాడు హిందీలో.

"భయపడొద్దులే నాయనా, నేనేం కొనను" అని అభయమిచ్చింది.

"మే, నువ్వు కువైట్‌కు పనికొచ్చినావా, కూచోడానికొచ్చినావా?" అని అడిగాను ఓసారి.

"కూచోడానికే ఈశ్వరీ. నడమన పని తగులుతాంది."

పోయిన ఎండాకాలం మేడమ్ కుటుంబం మమ్మల్నీ వెంటబెట్టుకుని ఆస్ట్రియా కొండలకు వెళ్లింది. అక్కడొక పార్కులో జలపాతం ఉంది. పెళ్లయిన కొత్తలో భర్తతో చూసిందట పెద్ద మామా. మళ్లీ తన కాళ్ల మీద నడిచే చూస్తానని ఆమె పట్టు. మేడమ్‌కు నమ్మకం లేదు. కారులో చక్రాల కుర్చీ తెచ్చింది.

"అమ్మ దారిలో అలిసిందంటే కుర్చీ ఎక్కించేస్తా. వచ్చే ఏడు ఇల్లు కదలనివ్వను" అంది. పెద్ద మామా విననట్టే చేతికర్ర సర్దుకుంది.

దారి చిన్నది, చదునైనది. పిల్లల బండ్లు నెట్టుకుంటూ కబుర్లాడుతూ పోతున్నారు జనం. అలాంటి దారిలో మొదటి మలుపు దగ్గర బల్ల కనిపించిందో లేదో...

"అబ్బా, నా కాళ్లు పడిపోతాండాయి!"

"యల్లా, కదులు అంకాలమ్మా!" అని కసిరింది మేడమ్.

"ఒక్క చాయ్ తాగి లేస్తా మామా" అంటూ ఫ్లాస్కు తీసింది.

"ఈ కాలం పిల్లలకు కాళ్లే లేవు" అని పెద్ద మామా మూతి విరిచి, దయతలచి పక్కన కూర్చుంది. తనూ ఒక కప్పు తాగింది.

తర్వాతి మలుపు దగ్గర మళ్లీ అంతే. బల్ల లేనిచోట పడిపోయిన చెట్టు మొద్దు దొరికింది. అటుగా పోతున్న తెల్లాయన ఒకాయన జాలిపడి చాక్లెట్ ఇచ్చాడు. ఇది సిగ్గులేకుండా తినేసింది.

"మే, పరువు పోతాంది! బండ్లలో పిల్లోళ్లు గూడా మనల్ని దాటిపోయినారు."

"పోనీలే, వాళ్లు వయసులో ఉండారు."

మేడమ్ ఓపిక నశించింది. "వచ్చే ఏడు దీన్ని తీసుకురాను. ఖలాస్, అంతే!"

అంకాలమ్మ చాయ్ ఊదుకుంటూ కూర్చుంది.

ఎలాగో చేరాం. తుంపర మొహాలను తడిపింది. పెద్ద మామా కర్ర ఆనించి చాలాసేపు చూసింది. "మా ఆయన ఇక్కడే జారిపడ్డాడు. నేను నవ్వానని రోజంతా మాట్లాడలేదు" అని మళ్లీ నవ్వింది. కుర్చీ కారులోనే ఉండిపోయింది.

తిరిగి కారు దగ్గరికొచ్చాక తెలిసింది, పెద్ద మామా శాలువా జలపాతం దగ్గరే మరిచిపోయామని. "తెస్తా ఉండు" అంటూ కదిలింది అంకాలమ్మ. ఇంకేముంది, చీకటి పడ్డట్టే అనుకున్నాను. మేం ఇంకా సామాన్లు సర్దుతుండగానే శాలువా చంకలో పెట్టుకుని వచ్చేసింది. ఆయాసం కూడా లేదు!

"మే! నీ కాళ్లు?"

"ఏం? బాగుండాయి."

"మరి పొద్దుట్నుంచి..."

"అరవమాకు" అని పెద్ద మామా వైపు కళ్లతో సైగ చేసింది.

మేడమ్ శాలువాను చూసింది, అంకాలమ్మను చూసింది, ఆఖరికి తల్లిని చూసింది. నోరు తెరవబోయింది.

పెద్ద మామా అవకాశమివ్వలేదు. "వచ్చే ఏడు కూడా దీన్నే తేవాలి. నేను దగ్గరుండి నడిపించకపోతే దీని కాళ్లు బాగుపడవు" అని కారెక్కి కూర్చుంది.

కువైట్‌కు తిరిగొచ్చిన వారమే ఇంటినిండా చుట్టాలు. తెల్లవారినప్పటి నుంచి పొయ్యి దగ్గరే ఉన్నాను. లిఫ్టు చెడింది. పళ్లేలు మోసుకుంటూ మెట్లెక్కుతున్నాను. నడుం విరిగిపోతోంది.

వెనకనుంచి వినబడింది: "అబ్బా, నా కాళ్లు పడిపోతాండాయి!"

మెట్టు మీద చతికిలబడి, పక్కన అరచేత్తో తట్టింది. నీ నాటకం నాకు తెలుసులేవే అనబోయాను. కానీ పళ్లేలు దించి కూర్చున్నాను.

"నీ కోసమే కూచుంటాండా" అన్నాను.

"అవున్లే, నువ్వు మంచిదానివి" అంది, ఫ్లాస్కు మూత తిప్పుతూ.