తాళం వేసిన విమానం

గాజువాక దగ్గర ఒక కాలేజీలో విమానాల మెయింటెనెన్స్ డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. మా షెడ్డులో ఒక పాత చిన్న విమానం ఉంది. మేం పాడుచేస్తామని దానికెప్పుడూ తాళమే. ఇంజన్ గురించి బొమ్మలు చూసే నేర్చుకున్నాం.

మొన్న తనిఖీకి అధికారి వస్తున్నారని షెడ్డు తెరిచి కడిగించారు. రోజూ దీని మీదే పని చేస్తున్నామని చెప్పాలన్నారు ప్రిన్సిపాల్.

అధికారి నా చేతికి స్పానర్ ఇచ్చి, "ఇంజన్ మీద కవర్ విప్పమ్మా, రోజూ చేసే పనేగా" అన్నారు. ఏ బోల్టు ముందు విప్పాలో తెలియక స్పానర్ ఒక్కో బోల్టు మీదా పెట్టి తీస్తున్నాను.

"ఆడపిల్ల కదండీ, భయపడుతోంది" అని ప్రిన్సిపాల్ నవ్వారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కోపంలో మా ఇంటి మాటే వచ్చేసింది. "బయం కాదు సార్! మూడేళ్ళూ తాళమేసి ఉంచేరు. నాను ఇయ్యాలే దీన్ని ముట్టుకుంతన్నాను!"

అధికారి నా చేతిలోంచి స్పానర్ తీసుకుని పక్కనున్న అబ్బాయికిచ్చారు. అతనికీ తెలియలేదు. ఆ తర్వాతి అబ్బాయికీ తెలియలేదు. ప్రాక్టికల్స్ అన్నీ మొదటినుంచి చేయించమని చెప్పి వెళ్ళారు.

ఇప్పుడు షెడ్డు రోజూ తెరుస్తున్నారు. ప్రిన్సిపాల్ నాతో మాట్లాడరు. నా కోపమూ చల్లారలేదు. రేపు ఉద్యోగాల్లో చేరాక మేం సరేనంటేనే ఏ విమానమైనా గాల్లోకి లేస్తుంది. అందులో కూర్చునేది మీ ఇంట్లోవాళ్ళే.

– ధనలక్ష్మి, విశాఖపట్నం