కంభం చెరువు ముందు లైను

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంట్లోవాళ్లూ అంటారు, బడి పిల్లలూ అంటారు, రోజూ మార్కాపురంలో నన్ను ఎక్కించుకొని ఊరి మలుపులో దించే ఆటో అబ్బాయీ అంటాడు. అననీ. ఆ సంవత్సరం నాకా కోపం రాకపోయి ఉంటే మా ఐదో తరగతి పిల్ల గుంటూరు వైపు మిరప చేలల్లో తమ్ముణ్ణి చంకనేసుకొని తిరుగుతూ ఉండేది.

మా బడి పెద్దారవీడు దాటాక, నల్లమల కొండలు కనిపించే ఒక చిన్న ఊళ్లో ఉంది. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు, అన్నిటికీ నేనొక్కదాన్నే టీచర్ని. ఒకటో తరగతికి అ ఆలు దిద్దిస్తూ ఐదో తరగతికి భాగహారాలు చెప్పడమంటే మాటలా? ఊళ్లో బోర్లున్నాయి గానీ ఆ నీళ్లు నోట పెట్టలేం. తాగే నీళ్లు ట్యాంకర్లో రావాల్సిందే. ట్యాంకరు వస్తే ఊరంతా బిందెలు పట్టుకొని లైన్లో నిలబడుతుంది. ఆ లైనుకొక కట్టుబాటు ఉంది. పసిబిడ్డలున్న ఇళ్లవాళ్లు ముందు, ముసలివాళ్లు తర్వాత, మిగతావాళ్లు ఆపైన. ఎవరైనా తప్పారంటే ఆడవాళ్లు పెట్టే తిట్లు బడి దాకా వినిపిస్తాయి.

క్రిస్మస్ అయిపోయిందంటే నాకు దిగులు పట్టుకునేది. మా పిల్లల్లో సగం మంది చర్చి వీధివాళ్లు. కొత్త సంవత్సరం ప్రార్థన ముగించుకొని, ఆ వారంలోనే మేస్త్రి పంపిన బండెక్కి మిరప కోతలకు పోతారు. ఇక్కడ పనులుండవు, పోక ఏం చేస్తారు? పిల్లల్నీ తీసుకుపోతారు. చిన్న తరగతుల పిల్లలు వేసవిలో తిరిగొచ్చి మళ్లీ బళ్లో కూర్చుంటారు గానీ, ఐదో తరగతిలో పోయినవాళ్లు ఆరుకు పెద్దబడి మెట్లెక్కరు. ముఖ్యంగా ఆడపిల్లలు. ఇది నేను చాలాసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ ఒళ్లు మండింది.

ఆ పిల్లా చర్చి వీధిదే, ఐదో తరగతి లీడరు. సన్నగా, గట్టి గొంతుతో ఉండేది. నేను ఆఫీసు పని మీద పోతే బడిని అదే అదుపులో పెట్టేది. జనవరిలో ఒక రోజు పొద్దున్నే వాళ్లమ్మ వచ్చి, గుమ్మం బయటే నిలబడి, "రేపు పోతాము మేడం. పాపను తోలుకపోతా," అంది.

"ఎందుకు? పాప కూడా కాయలు కోస్తుందా?"

"కొయ్యదు. చిన్నోణ్ణి చూసుకుంటాది. వాడిని గట్టున వదిలిపెట్టి నేనెట్ల కొయ్యాల?"

చిన్నోడంటే ఆ పిల్ల తమ్ముడు. మూడేళ్లవాడు, పొద్దుటిపూట అంగన్‌వాడీలో ఉంటాడు. నేను గొంతు పెంచాను. పాప చదువు ఆగిపోతుందన్నాను. వచ్చే నెలలో పిల్లల్ని కంభం చెరువు చూపించడానికి తీసుకుపోతున్నామని, దానికోసం ఈ పిల్ల అందరికంటే ఎక్కువ ఎగురుతోందని చెప్పాను. ఆమె తల దించుకొని అంతా విన్నది. తర్వాత నెమ్మదిగా, "ఈడ వదిలిపెట్టి పోతే పిల్లలకి అన్నం ఎవురు పెడతారు? రాత్రిపూట ఎవురు చూస్తారు? మీరు చూస్తారా మేడం?" అంది.

నేను సాయంత్రం ఆటోలో మార్కాపురం వెళ్లిపోయేదాన్ని. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా కోపం కదా, "చూస్తా! తెచ్చి బళ్లో పడేసి పో, నేనే చూస్తా!" అని అరిచాను.

బడికి ఎదురుగా అంగడి ఉంది. అంగడి అవ్వ అని ఊరంతా పిలిచే ముసలామె అక్కడే కూర్చొని చెవులు నిక్కబొడుచుకొని వింటోంది. భర్త శెట్టిగారు పోయాక ఒక్కతే అంగడీ ఇల్లూ చూసుకునేది. ఆమె మంచిదా చెడ్డదా అని ఆ రోజు దాకా ఎవరైనా నన్నడిగి ఉంటే చెడ్డదనే చెప్పేదాన్ని. నోరు మంచిది కాదు. చర్చి వీధివాళ్లకు సరుకు చేతికివ్వదు, గట్టు మీద పెట్టి తీసుకోమంటుంది. నేను ఒకసారి ఆ విషయం మీద ఆమెతో పోట్లాడి నెల రోజులు అగ్గిపెట్టె కూడా కొనలేదు.

అటువంటి అవ్వ లేచి రోడ్డు దాటి వచ్చింది.

"ఏంది మేడమ్మా ఆ అరుపులు? సాయంత్రం అయితే ఆటో ఎక్కిపోయే దానివి, నువ్వేం చూస్తావు?" అని, ఆ తల్లి వైపు తిరిగి, "ఇద్దర్నీ నా దగ్గర పడేసి పో. చీకటి పడితే నా గడప తొక్కేవాళ్లు లేరు. పాప బిస్కెట్ పొట్లాల మీద తేదీలు చదివి చెప్తాది, నాకు కళ్లు ఆనడం లే," అంది.

ఆ తల్లి నా మొహం చూసింది, నేను ఆమె మొహం చూశాను. అవ్వే మళ్లీ, "ఒక్క మాట. మాది శాకాహారం. గుడ్డు నా గడప లోపలికి రాకూడదు," అంది.

బండి పోయింది. పిల్లలిద్దరూ అవ్వ దగ్గర ఉండిపోయారు. మొదటి వారం నేను అంగడి వైపే ఒక కన్నేసి ఉంచాను. గడప లోపలికి గుడ్డు రాకూడదంటే మూడేళ్లవాడు వింటాడా? అంగన్‌వాడీలో పెట్టిన గుడ్డును తినకుండా పిడికిట్లో పట్టుకొని, అవ్వకు చూపించాలని తిన్నగా వంటింట్లోకి పోయేవాడు. "ఓరి నాయనో! బయటికి పోరా, బయటికి!" అని అవ్వ కేకలు. మొదట వాణ్ణి రోడ్డు మీదకు తరిమేది. తర్వాత అరుగు మీద కూర్చోబెట్టి తినిపించింది. అవును, అవ్వే తినిపించింది. చీర కొంగుతో చెయ్యి చుట్టుకొని, మొహం పక్కకు తిప్పుకొని. నేను బళ్లోంచి చూసి నవ్వు ఆపుకోలేకపోయాను. నన్ను చూసి, "ఏంది ఆ ఇకిలింపు? మింగుడు పడక ఏడుస్తుంటే ఊరుకోనా?" అని నా మీద విరుచుకుపడింది.

అవ్వ పుట్టిల్లు కంభం దగ్గర. పడుకునేటప్పుడు ఆ చెరువు కథలే చెప్పేదట. పొద్దున ఆ పిల్ల వచ్చి నాకు అప్పజెప్పేది.

"మేడం, కొండకూ కొండకూ మధ్య కట్ట కట్టినారంట. అవతలి ఒడ్డు కనపడదంట. నిజమా? అవ్వ కోతలు కోస్తాందా?"

"నిజమే."

"ఎన్ని ట్యాంకర్లు ఉంటాయని అడిగితే, ట్యాంకర్లంట నీ మొహం అనింది."

ఆ పిల్లకు ఇక వేరే ధ్యాస లేదు. అవ్వ ఫోన్లో వాళ్లమ్మతో మాట్లాడినా ఇదే. "నీకు ఆ నీళ్లు తెస్తా అమ్మా, చూడు," అని మాటిచ్చేసింది కూడా.

మార్కాపురంలో ఒక ప్రైవేటు బడివాళ్లు ఫిబ్రవరి రెండో శనివారం తమ బస్సు ఇస్తామన్నారు. ఆదివారమైతే చర్చి ఉంటుంది, అందుకని శనివారం. నేనొక షరతు పెట్టాను. పెద్ద నీళ్ల దగ్గరికి పోతున్నాం కాబట్టి బడి పిల్లలు తప్ప పసిపిల్లలు రాకూడదు. చిన్నోణ్ణి ఆ ఒక్క రోజు అంగన్‌వాడీ ఆయమ్మ చూసుకుంటానంది.

ఆ పొద్దున బస్సు రాగానే పిల్లలు కిటికీల కోసం కొట్లాడుకుంటూ ఎక్కారు. ఈ పిల్ల తలకు నూనె పెట్టుకొని, రెండు జడలు వేసుకొని, ఖాళీ నీళ్ల సీసా మెడలో వేలాడేసుకొని వచ్చింది. వెనకే చిన్నోడు. అక్క గౌను రెండు చేతులతో పట్టుకొని వదలడు. ఆయమ్మ ఎత్తుకోబోతే గుక్కపట్టి ఏడుస్తాడు. అమ్మ ఎట్లాగూ పోయింది, అక్కా పోతోందని వాడి భయం. వేళ్లు ఒక్కొక్కటే విడదీసినా మళ్లీ పట్టుకున్నాడు.

ఆ పిల్ల వాడి వైపు చూసింది. "నేను రాను మేడం. మీరు పోండి," అంది. ఏడవలేదు. మెడలో సీసా తీసి పక్కపిల్ల చేతికిచ్చి, "మా అమ్మకు పట్టుకరా," అంది. షరతు పెట్టింది నేనే. మూడేళ్లవాణ్ణి తీసుకుపోతే ఇంతమంది పిల్లల మధ్య వాడి వెంట ఎవరు తిరుగుతారు? డ్రైవరు వైపు చూశాను. అతను టైమైందని హారన్ కొట్టాడు.

అప్పుడు అంగడి తలుపు దభాలున మూసుకుంది. శెట్టిగారి కర్మ రోజుల్లో తప్ప పగటిపూట మూత పడని తలుపు అది. అవ్వ తాళం పెట్టి, చేతిలో తన సద్ది గిన్నె, చంకలో సంచి పెట్టుకొని, "ఆపు నాయనా బండి!" అంటూ వచ్చింది. చిన్నోణ్ణి ఎత్తి భుజానేసుకొని బస్సెక్కింది. నా పక్కన కూర్చొని, "నా పుట్టిల్లు చూడడానికి నాకు నీ పర్మిషన్ కావాలా? వీడు నా ఒళ్లోంచి దిగితే అప్పుడడుగు," అంది. నేనేం అడుగుతాను? "పాపా, ఎక్కు!" అని అరిచాను, అంతే.

కంభం చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. ఆ ఏడు వానలు పడి చెరువు నిండుగా ఉంది. కట్ట మీదికి ఎక్కగానే అంతసేపూ గోల చేసిన పిల్లలు ఒక్కసారిగా నోరు మూశారు. ఎదురుగా నీళ్లు, ఆ వెనక కొండలు, కొండల మొదట్లో కూడా నీళ్లే. రెండో తరగతి పిల్లవాడు నా చెయ్యి లాగి రహస్యంగా, "ఇయ్యన్నీ ఎవురివి మేడం?" అని అడిగాడు.

"అందరివీరా."

వాడు నమ్మలేదు.

సీసాలు నింపుకోండి, జాగ్రత్తగా మెట్ల దగ్గరే, అన్నాను. అవ్వ చిన్నోణ్ణి గట్టిగా పట్టుకొని పై మెట్టు మీద కూర్చుంది. నేను కింది మెట్టు దగ్గర కాపలా నిలబడ్డాను. పిల్లలు రాలేదు. ఏమైందా అని వెనక్కి తిరిగి చూశాను. లైను కట్టారు. అంత చెరువు ముందు, ఒకరి వెనక ఒకరు, సీసాలు పట్టుకొని లైను కట్టి నిలబడ్డారు. ముందు ఈ పిల్ల చేతులు చాపి, ఎవర్నీ దాటనివ్వకుండా అరుస్తోంది.

"పసిబిడ్డలోళ్లు ముందు! అవ్వా, చిన్నోణ్ణి తీసకరా! ఆపైన ఒకటో తరగతోళ్లు! తోసుకోవద్దు, అయిపోతాయి!"

ఎవడో కాళ్లు నీళ్లలో పెట్టాడు. "తాగే నీళ్లల్లో కాళ్లు కడుగుతావేందిరా!" అని పదిమందీ వాడి మీద పడ్డారు. డ్రైవరు కడుపు పట్టుకొని నవ్వుతున్నాడు. "ఓసి మీ దుంప తెగ! చెరువుకు లైను కట్టినారే!" అని అవ్వా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ అవ్వ నవ్వు ఎంతోసేపు లేదు. "నేను పెళ్లయి ఆ ఊరికి పోయిన కొత్తల్లో మా అత్త చెంబుడు నీళ్లిచ్చి మొహం కడుక్కోమంటే ఏడ్చినా మేడమ్మా. ఈ బిడ్డలకు ఏడవడం కూడా తెలీదు," అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

తర్వాత ఆ పిల్లే తన వంతు వచ్చినప్పుడు సీసా ముంచి, నిండాక మూత బిగించి, నీళ్ల వైపు చూసి, మళ్లీ చూసి, "మేడం, తగ్గలేదు!" అని అరిచింది. ఇక లైనూ లేదు, గీనూ లేదు. మెట్ల మీద కూర్చొని, ఒకరి మీద ఒకరు చల్లుకొని, తడిసి ముద్దయ్యారు. నేను ఎన్ని కేకలు వేశానో నాకే తెలియదు. మధ్యాహ్నం అవ్వ తన గిన్నెలో పులిహోర అందరి చేతుల్లోనూ తలా ఒక ముద్ద పెట్టింది. చర్చి వీధి పిల్లల చేతుల్లో కూడా, వేళ్లు తగులుతూనే.

ఏప్రిల్ మొదట్లో బండి తిరిగొచ్చింది. బడి వదిలే వేళ. నేను ఆటో ఎక్కకుండా ఆగాను. ఆ తల్లి మూట దించి అంగడి ముందు నిలబడింది. ఎండకు నల్లబడి, చిక్కిపోయి ఉంది. నాకు ఓపిక ఎక్కడిది? "పాపను ఆరుకు పెద్దబడికి పంపుతావా లేదా? వచ్చే ఏడు మళ్లీ తోలుకుపోతానంటావా?" అని అప్పుడే అడిగేశాను.

చిన్నోడు పరుగెత్తుకొచ్చి కాళ్లకు చుట్టుకుంటే, ఆమె రెండు చేతులూ పైకెత్తేసింది. "తాకొద్దు నాయనా, చేతుల నిండా మిరపకాయ ఘాటు. కళ్లల్లో పడతాది," అంది. పిల్ల దూరంగా నిలబడి అమ్మ చేతుల్ని చూసింది. చేతులు కమిలి, ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. పిల్ల గబగబా లోపలికి పోయి సీసా తెచ్చింది.

"ఏంది పాపా అయి?"

"చెరువు నీళ్లు. నీకే."

"పాచి పట్టినాయి, పారబొయ్యమంటే వినదు," అంది అవ్వ. అని, అంగట్లోకి పోయి సబ్బు తెచ్చి, గట్టు మీద పెట్టకుండా, ఆ తల్లి చేతిలోనే పెట్టింది.

పిల్ల పోస్తోంది, తల్లి రుద్దుకుంటోంది. సగం కాకముందే, "చాలు పాపా, చాలు, మిగిలినయి దాచిపెట్టు," అంది తల్లి, ట్యాంకరు నీళ్ల అలవాటు కొద్దీ.

"ఆడ శానా ఉండాయిలే అమ్మా. తగ్గవు," అంటూ పిల్ల సీసా మొత్తం ఒంపేసింది.

తల్లి చేతులు చీరకు తుడుచుకొని పిల్ల మొహాన్ని పట్టుకుంది. అట్లా పట్టుకొనే, అవ్వతో, "అవ్వా, వచ్చే ఏడు కోతలకు పోతా. పాప మాత్రం పెద్దబడికి పోవాల. నీ దగ్గరే పెట్టిపోతా," అంది.

"పెట్టిపో. గుడ్డు మాత్రం అరుగు మీదే," అంది అవ్వ.

ఘాటు ఒక్క సబ్బుకు పోతుందా? పిల్ల కళ్లు ఎర్రబడి బొటబొటా కారుతున్నాయి. తల్లి గాభరాగా చేతులు తీయబోయింది. పిల్ల ఆ చేతుల మీద తన చేతులు వేసి అదిమి పట్టుకుంది.

"మండితే మండనీ, తియ్యొద్దమ్మా," అంది.