ఖాదర్ మియా చెయ్యి తప్పలేదు

పోయిన మంగళవారం పొద్దున ఆరు గంటల ఇరవై నిమిషాలకు మెదక్ పట్టణంలో మోటారు మెకానిక్ ఖాదర్ మియా తమ ఇంట్లోనే కన్నుమూశారు. గోడ గడియారం చూసి చెబుతున్న మాట ఇది. తెల్లవారకముందే కబురు అందితే వెళ్ళి, ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ముందురోజు సాయంత్రం ఆయన గోడకు ఆనుకుని చాయ్ తాగారు. శుక్రవారానికి షెడ్డు తెరుస్తానన్నారు. అటువంటి మనిషి ఊపిరి లోపలికి తీసుకున్నారు, బయటికి విడవలేదు. ఆయన భార్య మెహరున్నీసా "పోచయ్య భయ్యా, జర చెయ్యి పట్టి చూడుండ్రి" అన్నది. పట్టి చూశాను. పానా పట్టీ పట్టీ అరచెయ్యంతా గట్టిపడి ఉంది. నాడి లేదు. తల అడ్డంగా ఊపాను.

మూడోనాడు డ్రైవర్ల, మెకానిక్కుల సంఘం వారు సంతాపసభ పెట్టారు. సంఘం పెద్ద ఒకాయన ప్రేమగానే మాట్లాడుతూ, "గసొంటి ఉస్తాద్ మల్ల పుట్టడు. అయినా మనిషన్నంక ఒక్కసారన్న చెయ్యి తప్పుతది. వకీలుసాబ్ కారు చైను యాదున్నదా?" అన్నారు. సభలో సగంమంది నవ్వారు. చెడ్డ నవ్వేమీ కాదు, సొంతమనిషిని తలుచుకుని నవ్వే నవ్వు. నేను రెండో వరుసలో కూర్చుని ఉన్నాను. లేచి ఒక్క మాట చెప్పాల్సినవాణ్ణి, చెప్పలేదు. పన్నెండేండ్లుగా చెప్పనట్టే ఆనాడూ చెప్పలేదు.

ఆయన కీర్తిశేషులయ్యారని అందరూ అన్నారు. ఆ కీర్తి మీద ఒక మరక ఉంది. అది ఆయన చేసింది కాదు, నేను చేసింది. సంఘం వారు తేబోయే సంస్మరణ సంచికలో నాలుగు మాటలు రాయమని నన్ను అడిగారు. ఆ మరక తుడవడానికే ఒప్పుకున్నాను. అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. పెద్ద మాటలు తక్కువగా ఉంటే చదివేవారు సర్దుకోవాలి.

ఖాదర్ మియా తండ్రి టాంగాలకు చక్రాలు బాగుచేసేవారు. కొడుకు పట్నంలో ఒక షెడ్డులో ఆరేండ్లు పనిచేసి, మెదక్ తిరిగివచ్చి సొంతంగా తడకల షెడ్డు వేసుకున్నారు. బక్కపలుచని దేహం, పొడవైన చేతులు, మితమైన మాట. సర్టిఫికెట్ లేదు. వెదురుకర్ర ఒకటి ఉండేది. దాని ఒక కొన ఇంజన్ మీద ఆనించి, ఇంకో కొన చెవికి పెట్టుకుని వినేవారు. "ఇంజన్ అబద్ధం చెప్పది. మనకే ఇనే ఓపిక లేదు" అనేవారు. విన్న తర్వాత ఆయన చెప్పిన రోగం వేరే అయిన సందర్భం నేను చూడలేదు.

విప్పిన సామాను పరిచే పద్ధతి ఆయనది ఒకటుంది. గోనెసంచి పరిచి, మొదట ఊడదీసిన బోల్టును కుడిచేతి కొసన పెట్టేవారు. తర్వాతది దానికి ఎడమన, దాని తర్వాతది ఇంకా ఎడమన. ఉర్దూ రాసినట్టు. బిగించేటప్పుడు ఎడమ కొస నుంచి మొదలుపెట్టి కుడికి వచ్చేవారు. తెలియనివాడు ఒక వాషర్ను పక్కకు జరిపితే, "ఏమయ్యా, నా ఖతు మధ్యల నీ దస్కతు ఎందుకు?" అని, ఉత్తరం మధ్యలో సంతకం ఎవరు పెడతారన్నట్టు చూసి, మళ్ళీ దాని చోట పెట్టేవారు. ఆయన గోనెసంచి మీద సామాను మిగిలిపోవడం ఎవరూ ఎరుగరు.

టేక్మాల్‌లో ఒక రైతు నీళ్ళ ఇంజన్ ఆగిపోయి వరి ఎండుతోందని కబురు వస్తే పొద్దుటి బస్సుకు వెళ్ళారు. తోడుగా నేనూ పోయాను. మధ్యాహ్నం ఆ ఇంటి అవ్వ ఆయనకు రెండు జొన్నరొట్టెలు తెచ్చి గట్టు మీద పెట్టింది. "తిని చెయ్యి బిడ్డా" అన్నది. "ముందు పొలం తాగనియ్యి అవ్వా, తర్వాత నేను తింట" అన్నారు. పొలం తాగేసరికి పొద్దు వాలింది. రొట్టెలు అట్టల్లా అయ్యాయి. రెండూ తిన్నారు.

ఇంకొకటి చెప్పాలి. ఇతరుల యంత్రం మీద ఉలితో గాటు పెట్టడం ఆయనకు గిట్టదు. మిగతా మెకానిక్కులు ఏ ముక్క ఎటువైపు ఉండాలో గుర్తుకోసం ఉలితో ఒక దెబ్బ వేసేవారు. ఈయన పాన్‌డబ్బాలో నుంచి వేలికొనతో సున్నం తీసి చుక్క పెట్టేవారు. "మంది సామానుకు గాయం జెయ్యొద్దు. పని అయినంక తుడిస్తె పోవాలె" అనేవారు. అసలు కథ ఈ సున్నంతోనే వచ్చింది.

అప్పట్లో నేను వకీలు రంగారావు గారి నల్లకారుకు డ్రైవర్ను. పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజన్ ముందు భాగంలో, డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు చప్పుడు. ఉస్తాద్ వకీలుసాబ్ వాకిట్లోకి వచ్చి కర్ర చెవికి పెట్టుకున్నారు. "టైమింగ్ చైన్ సాగింది సాబ్. బండి కదిలియ్యకుండ్రి, దారిల తెగితే ఇంజన్ పోతది. ఈడ్నే ఇప్పుత" అన్నారు. పట్నం నుంచి కొత్త చైను శుక్రవారం పొద్దుటి బస్సులో వచ్చింది. మరునాడు వకీలుసాబ్‌కు పట్నం కోర్టులో పేషీ.

తెలియనివారి కోసం చెబుతాను. ఇంజన్ ముందర ఒక మూత కింద రెండు పండ్ల చక్రాలుంటాయి. కిందిది పిస్టన్లతో పాటు తిరుగుతుంది, పైది వాల్వులను తెరిచి మూస్తుంది. రెండింటినీ కలిపి నడిపేది ఈ గొలుసు. ఒక్క పన్ను అటో ఇటో పడినా వాల్వు తెరుచుకునే వేళ తప్పుతుంది. బండి స్టార్టవుతుంది గాని బరువు లాగదు. కంపెనీ వారి గుర్తులు ఆ చక్రాల మీద అరిగిపోయి కనబడటం లేదు. అందుకే ఉస్తాద్ హ్యాండిల్‌తో ఇంజన్ తిప్పి సరైన చోట నిలిపి, ఒకదానికొకటి ఎదురుగా ఉన్న రెండు పండ్ల మీద సున్నం చుక్కలు పెట్టారు. తర్వాత చక్రాలనూ గొలుసునూ ఊడదీశారు. ఊడదీయగానే స్ప్రింగుల ఒత్తిడికి పై ఇరుసు కొంత తానే తిరిగిపోతుంది. మళ్ళీ చోటికి తేవడానికి ఆ చుక్కలే ఆధారం.

అంతలో జుమ్మా నమాజు వేళయింది. నేను సామాను కడిగే గ్యాసునూనె, అంటే కిరోసిన్, తేవడానికి బజారుకు పోయి ఉన్నాను. ఉస్తాద్ చక్రాలను తట్టలో పెట్టి, రేకుమూత కప్పి, మూత మీద సుద్దముక్కతో తెలుగులో ఒక మాట రాసి మసీదుకు బయలుదేరారు. వకీలుసాబ్ గుమాస్తా విఠల్‌రావు "ఏం ఖాదర్, ఇంజన్ కోసం దువా చేస్తవా?" అని ఎగతాళి చేశాడట. "ఇంజన్‌కు నేను చాలు. నీ నోటికే దువా గావాలె" అన్నారట.

నేను వచ్చాను. మూత మీద రాత చూశాను, పక్కన పెట్టాను. ఉస్తాద్ తిరిగి వచ్చేసరికి పని ముందుకు సాగాలని, చక్రాలను గ్యాసునూనెలో ముంచి, బ్రష్షుతో రుద్ది, వెండిలా మెరిపించి గోనెసంచి మీద పెట్టాను. వంట చేసే లచ్చవ్వ కూడా "ఎండి గిన్నెల్లెక్క చేసినవ్ పోచయ్యా" అని మెచ్చుకుంది.

ఆ రాత ఏమిటో నాకు తెలియదు. అప్పటికి నాకు చదువు రాదు. ఆ సంగతి మెదక్‌లో ఎవరికీ తెలియదు. కోర్టు ముందు కారులో కూర్చుని రోజూ పేపరు ముందర పెట్టుకునేవాణ్ణి, బొమ్మలు చూసి పేజీ తిప్పేవాణ్ణి. ఊరి బోర్డులు కాదు, మలుపులూ చెట్లూ గుర్తుపెట్టుకుని బండి నడిపేవాణ్ణి. చదువురాని డ్రైవర్ను వకీలుసాబ్ ఒక్క పూట కూడా ఉంచుకోరు.

ఉస్తాద్ వచ్చి, మెరుస్తున్న చక్రాలను చూశారు. చేతిలోకి తీసుకుని వెలుతురుకు తిప్పి చూశారు. మూత తెచ్చి నా ముందు పెట్టారు.

"పోచయ్యా, గిది చూడలేదా?"

"చూసిన ఉస్తాద్."

"ఏం రాసిన నేను?"

"నీ పేరు రాసినవ్ గద" అన్నాను.

ఆయన నా మొహం వైపు చూశారు. తర్వాత అంగీ చేతితో ఆ సుద్దరాతను తుడిచేశారు. అప్పుడే వకీలుసాబ్ వరండాలోకి వచ్చి, "ఎందాక వచ్చింది?" అని అడిగారు. "అయితున్నది సాబ్" అన్నారు ఉస్తాద్. ఆ మూత మీద 'కడగవద్దు' అని ఉందని నాకు తర్వాత తెలిసింది.

గుర్తులు లేకుండా చక్రాలను సరిగా కూర్చడం ఆయనకు చేతకాని పని కాదు. ఇంజన్ పైకప్పు విప్పి, వాల్వుల కదలిక చూస్తూ, రెండు మూడుసార్లు తిప్పి సరిచూసుకోవాలి. దానికి వెలుతురు కావాలి, తీరుబడి కావాలి. ఆనాడు రెండూ లేవు. వకీలుసాబ్ గంటకోసారి వరండాలోకి వస్తున్నారు. పొద్దు కుంకుతుండగా బండి స్టార్టయింది.

"సాబ్, పొద్దుగాల వెల్తురుల ఇంకోసారి చూస్త. ఏడు దాక ఆగుండ్రి" అన్నారు ఉస్తాద్.

"ఏడు గంటలకు నేను మనోహరాబాద్ దాటాలె. స్టార్టయిందా లేదా?"

"అయింది."

"అయితే ఇంకేంది?"

మరునాడు ఎల్దుర్తి దాటి కొంత దూరం పోయాక, ఎత్తు వచ్చిన చోట కారు లాగలేదు. ఇంజన్ దగ్గినట్టు పటపటమన్నది, నీళ్ళు మరిగి ఆవిరి లేచింది. వకీలుసాబ్ లారీ ఎక్కి మనోహరాబాద్ స్టేషనుకు పోయేసరికి పట్నం పోయే రైలు వెళ్ళిపోయింది. పేషీ తప్పింది. మధ్యాహ్నం ఉస్తాద్ బస్సులో వచ్చి, రోడ్డు మీదే విప్పి, ఎండ వెలుతురులో చూసి, తప్పిన ఒక్క పన్ను సరిచేశారు. సాయంత్రానికి కారు మెదక్ చేరింది. ఇంటి వాకిట్లో వకీలుసాబ్ నిలబెట్టి అడిగారు.

"ఏమయింది ఖాదర్?"

"ఒక్క పన్ను తప్పింది సాబ్."

"ఎవడు తప్పిండు?"

"చెయ్యి నాది. గల్తీ నాది."

"ఇగ కండ్లద్దాలు పెట్టుకొని రా" అన్నాడు విఠల్‌రావు. నేను కారు మడ్‌గార్డు తుడుస్తున్నాను. తుడుస్తూనే ఉన్నాను.

ఆ తర్వాత వకీలుసాబ్ కారు పట్నం షెడ్డుకు పోయేది. ఆయన చెప్పిన మాట విని మిగతా పెద్దల కార్లు కూడా అటే పోయాయి. ఉస్తాద్ షెడ్డులో ట్రాక్టర్లు, లారీలు, నీళ్ళ ఇంజన్లు మిగిలాయి. కొత్తగా వచ్చిన మెకానిక్కులు ఏదైనా పొరపాటు చేస్తే, "ఖాదర్ చైను లెక్క చేసినవ్" అనే మాట పుట్టింది. ఆయనకు వినబడే దూరంలోనే అనేవారు. ఆయన పని ఆపి తలెత్తేవారు కాదు.

ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "నా పేరు ఎందుకు చెప్పలే ఉస్తాద్?"

"చెప్తె ఏమయ్యేది? నీ బండి పోయేది. బండి పోతే నీకు ఇంకో పని రాదు. నాకు పానాలున్నయ్" అన్నారు. మళ్ళీ, "నేను గూడ అబద్ధం చెప్పలే పోచయ్యా. రాసి పోయిన, చెప్పి పోలే. నోటితోని చెప్పాలుండె" అన్నారు. అప్పటినుంచి ఏ పనైనా ఆయన ఎవరికీ రాసి ఇవ్వలేదు. దగ్గరికి పిలిచి రెండుసార్లు చెప్పేవారు. ఆయన దృష్టిలో అది ఆయన తప్పే. ఆ ఒక్క విషయంలో ఆయన లెక్క సరిగాలేదని నేను చెబుతున్నాను.

నలభై ఆరో ఏట నేను బడి వరండాలో సాయంత్రం పూట పెద్దలకు చెప్పే చదువుకు కూర్చున్నాను. ఏడాదికి గుణింతాలు దాటాను. ఉస్తాద్‌కు ఎవరు చెప్పారో తెలియదు. ఒకనాడు షెడ్డుకు పోతే మాట్లాడకుండా డబ్బామూత మీద సుద్దతో ఏదో రాసి నా ముందుకు తోశారు. కూడబలుక్కుని, "చాయ్ తాగుదాం" అని చదివాను. ఆయన లేచి హోటల్‌కు దారితీశారు.

సంతాపసభ అయిన మర్నాడు వకీలు రంగారావు గారి ఇంటికి వెళ్ళాను. ఇప్పుడాయన కోర్టు మానేశారు, మోకాళ్ళు పట్టేసి మంచం మీదే ఉంటున్నారు. నిలబడి అంతా చెప్పాను. కూర్చోమన్నారు. కూర్చుని మిగతాది చెప్పాను.

"పన్నెండేండ్ల తర్వాత చెప్పి ఏం లాభంరా? మనిషే పాయె" అన్నారు.

"నాకు లాభం లేదు దొరా. సంఘం సంచికల రాస్త. ఆయన పేరు సాఫ్ అయితది."

వకీలుసాబ్ గోడ వైపు తిరిగి పండుకున్నారు. నిద్రపోయారేమో అనుకుని లేవబోయాను. "ఆయన ఏడు దాక ఆగమన్నడు, నేను ఆగలే. అది గూడ రాయి. నన్ను గూడ రాయి" అన్నారు.

ఖాదర్ మియా వంటి పనివాడు ఈ పట్టణానికి మళ్ళీ వస్తాడో రాడో నేను చెప్పలేను. ఇంకొకడి తప్పును తన చేతి మీద వేసుకుని, దాని మీద ఊరు నవ్వుతుంటే బోల్టు బిగిస్తూ ఉండిపోయే మనిషి మాత్రం రాడు. ఆ లోటు తీరదు. సంఘం వారు ఆ సామెత లాంటి మాటను ఇకమీద మానుకోవాలి. నమ్మనివారు విచారించుకోవడానికి, ఆ శుక్రవారం వకీలుసాబ్ వాకిట్లో ఉన్నవారి పేర్లు ఇస్తున్నాను.

చక్రాలకు సరైన గుర్తులు పెట్టి, కడగవద్దని రాసి వెళ్ళినవారు ఉస్తాద్ ఖాదర్ మియా. తొందరపెట్టినవారు వకీలు రంగారావు గారు, ఆయన అనుమతితోనే రాస్తున్నాను. పరాచికాలాడినవాడు గుమాస్తా విఠల్‌రావు, ఇప్పుడు రామాయంపేటలో ఉంటున్నాడు. చూసి మెచ్చుకున్నది వంట లచ్చవ్వ, ఆమెకు అంతా యాదుంది. వరండాలో బియ్యం చెరుగుతూ కూర్చున్నవారు వకీలుసాబ్ భార్య అనసూయమ్మ గారు. చక్రాలు కడిగినవాణ్ణి నేను, డ్రైవర్ పోచయ్యను.