నీ ముందర ఎవరు, నీ ఎనక ఎవరు

పోయినవి ముందు లెక్క పెడతాను. నాకు సరిగ్గా వచ్చిన పని అదొక్కటే.

నాలుగు వందల పద్దెనిమిది ట్రాక్టర్ల వరస. ఏడు లోడ్ల తోతాపురి మామిడి కాయ. ఒక ఆడమనిషి కొలువు. ఆమెకు తన చేతి మీద ఉండిన నమ్మకం. ఈ చివరిదాన్ని ఏ అంకెతో రాయాలో నాకు తెలియలేదు.

ఆరేళ్లుగా ఈ పట్టీని మోస్తున్నాను. రోజూ మనసులో కూడుతాను, రోజూ అదే మొత్తం వస్తుంది, రోజూ ఎవరికీ చూపకుండా మడిచి పెట్టేస్తాను. ఈరోజు మీకు చూపిస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చూపించగలుగుతున్నానేమో.

చదివింది పదో తరగతి. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు తీసే ఒక ఫ్యాక్టరీలో కాటా దగ్గర బరువులు రాసే పనికి చేరాను. కంప్యూటరు వచ్చాక దాన్ని ఎవరూ నేర్పకుండానే, నోటు పుస్తకంలో రాసుకుంటూ, తప్పు చేసి దిద్దుకుంటూ నేర్చుకున్నాను. కాయల కాలంలో వందల ట్రాక్టర్లు వస్తాయి. ఒక్కొక్కటి రెండు మూడు రోజులు వంతు కోసం కాచుకోవాలి. మొదట్లో చీటీలు ఇచ్చేవాళ్లం. చీటీలు చేతులు మారి తగాదాలయ్యాయి. దాంతో మేనేజరు చీటీలు ఆపేసి, వరసంతా కంప్యూటర్లోనే ఉంచమన్నాడు. రైతులు గేటు కిటికీ ముందు ఒకరి వెనక ఒకరు నిలబడి ట్రాక్టరు నంబరు చెబుతారు. కిటికీ లోపల, కాయల కాలానికి మాత్రం పనికి వచ్చే సుగుణ, వాటిని కంప్యూటర్లో ఎక్కించుకుంటుంది. ఆ తర్వాత బండిని పెట్రోలు బంకు పక్కనో, ఖాళీ ప్లాట్లలోనో నిలుపుకోవచ్చు. వంతు దగ్గర పడితే ఫోనుకు మెసేజి వస్తుంది.

ఆ వరసను దాచడానికి నేను కట్టిన ఏర్పాటు గురించి కాస్త చెప్పనివ్వండి. తప్పు అందులోనే ఉంది. అయినా దాని మీద ఇష్టం నాకు ఇంకా పోలేదు. ట్రాక్టరు నంబరు ఇస్తే దాని వంతు తిరిగిచ్చే ప్రోగ్రాము అది. ఒకటి కాదు, మూడు. మూడింటిలోనూ అదే పట్టీ. కొత్త పేరు ఎక్కాలంటే మూడింటిలో రెండు ఒప్పుకోవాలి. ఒకటి చచ్చిపోతే మిగిలిన రెండూ పని సాగిస్తాయి. దాని చోట కొత్తది లేస్తే, పట్టీ మొత్తం దానికి అప్పజెబుతాయి. ఒక్కొక్కదాన్ని ఒక్కో కంటైనరులో పెట్టాను. కంటైనరంటే కంప్యూటరు లోపల గోడలు కట్టిన చిన్న గది అనుకోండి. కావాలన్నప్పుడు లేపవచ్చు, వద్దన్నప్పుడు తీసేయవచ్చు.

ఇంత అందమైన లెక్క నేను ఇంకెక్కడా చూడలేదు. మూడులో రెండు. అంతే. మేనేజరు ముందు ఒక గదిని తీసేసి చూపించాను. కళ్లముందే కొత్తది లేచి, పట్టీ నింపుకుంది. ఆయన చప్పట్లు కొట్టాడు. ఆ సాయంత్రం సుగుణకు కూడా చూపించాను. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చంటిబిడ్డను చూసినట్టు చూసింది.

ఇప్పుడు తప్పు చెబుతాను. గదిని తీసేస్తే అందులోని పట్టీ కూడా పోతుంది. పోకుండా బయట డిస్కులో దాచమని ప్రోగ్రాములో ఒక్క లైను రాయాలి. నేను రాయలేదు. ఒకటి పోయిన ప్రతిసారీ మిగిలిన రెండూ నింపేశాయి కాబట్టి నాకు తెలియనే లేదు. నా మతిమరుపును నా యంత్రం మంచితనమే కప్పిపెట్టింది. ఇంకొకటి. మూడు గదులూ మూడు కంప్యూటర్లలో ఉంటాయని అందరికీ చెప్పాను. గేటు వైపు కేబుల్ తెగుతూ ఉండేది. రెండు రోజులకని మూడింటినీ నా కాటా గదిలోని ఒక్క కంప్యూటరు మీదికి తెచ్చాను. ఆ రెండు రోజులు రెండు నెలలయ్యాయి.

జూన్ నెల, పొద్దున పదకొండు. ప్రోగ్రాము నెమ్మదించింది. దిద్దిన కొత్త వెర్షను వేద్దామనుకున్నాను. వేసే ముందు అలవాటు కొద్దీ పట్టీ మొత్తం ఒకసారి పైనుంచి కిందికి చూశాను. ఒక్కొక్క గదినే మార్చాలి. నేను ఒకే ఆదేశంతో మూడింటినీ తీసేశాను. ఎందుకు? తొందరా? గర్వమా? రోజూ అడుగుతాను. మూడూ కొత్తగా లేచాయి. ఒకదాన్నొకటి అడిగి చూసుకున్నాయి. మూడూ ఒప్పుకున్నాయి. వరసలో ఉన్నవాళ్లు సున్నా.

అదే సమయంలో గేటు గదిలో ఫ్యాను వైరు నిప్పులు కక్కితే సుగుణ మెయిను స్విచ్చి ఆపింది. మేనేజరు పరుగెత్తుకొచ్చి ఏమైందని అరిచాడు. గేటులో స్విచ్చి ఆపేసినారు సార్, అన్నాను. నా నోటి నుంచి వచ్చింది అంతే. ఎక్కువ అబద్ధం అక్కర్లేకపోయింది.

కాసేపటికి సుగుణ వచ్చింది.

“అన్నా, నేను ఒక్క స్విచ్చి ఆపితే మూడూ ఎట్ల పోతాయి? మూడూ మూడు చోట్ల ఉండాయని నువ్వే గదా చెప్పింటివి?”

నా లెక్కే నన్ను అడుగుతోంది. అప్పుడైనా చెప్పవలసింది.

“పోతాయమ్మా. ఒక్కోతూరి పోతాయి.”

“అట్లనా,” అంది. నమ్మేసింది. నాకు గుచ్చుకునేది ఆ నమ్మడమే. “తెలీక చేసినానన్నా. సరే, బండ్లు యాడుండేటివి ఆడనే ఉండాయి గదా. అడుక్కుంటా పోతే సరి.”

నోటు పుస్తకం, పెన్ను తీసుకుని ఎండలోకి వెళ్లింది. నేను వెనకాలే వెళ్లాను. సాయానికని కాదు. ఏం చెబుతుందో అన్న భయంతో. మొదటి ట్రాక్టరు దగ్గర ఆమె అడిగింది వంతు ఎంత అని కాదు.

“కిటికీ కాడ నీ ముందర ఎవురు, నీ ఎనక ఎవురు?”

“నా ముందర ఆ మునిరత్నమే మా. నీతో అర్ధగంట ముచ్చట్లు పెట్టి మా పానం తీసినాడు గదా!”

పక్క బండి మీద నుంచి మునిరత్నం లేచాడు. “ముచ్చట్లు పెట్టింది ఎవురప్పా? సూడక్కా, నా ఎనక ఈ యప్పే. బీడీ పొగంతా నా మెడ మీదనే ఇడిసినాడు. సచ్చేదాకా మర్సిపోను.”

“నీ గురించి నువ్వు చెప్తే రాసుకోను. ఇంకొకరు ఒప్పుకోవాల,” అంది సుగుణ. “మూట్లో రెండు సరిపోతే సాలు. మా అన్న చెప్పిన లెక్క అది.”

నా వైపు చెయ్యి చూపించి మరీ చెప్పింది.

బంకు పక్క నుంచి ప్లాట్ల దాకా, ప్లాట్ల నుంచి రైలు గేటు దాకా నడిచింది. ఒక్కొక్క మనిషి మూడు తలల్లో ఉన్నాడు: తన తలలో, ముందున్నవాడి తలలో, వెనకున్నవాడి తలలో. నా మూడు గదులూ ఒకే పెట్టెలో ఉంటే, వాళ్ల మూడు తలలూ మూడు చోట్ల ఉన్నాయి. ఒకడు టీకి పోతే మిగిలిన ఇద్దరూ వాడి చోటు కాపాడారు. దొంగ మాట చెప్పబోయిన ఒకరిద్దరు అటూ ఇటూ వాళ్ల నవ్వుతోనే వెనక్కి తగ్గారు. ఎవరూ వాళ్లకు ఏమీ నేర్పలేదు. నేను పుస్తకాలు తిరగేసి కట్టలేకపోయినదాన్ని వాళ్లు కిటికీ ముందు ఊరికే నిలబడి కట్టేశారు. దాన్ని చదవడం ఎలాగో తెలిసినది ఆమె ఒక్కతే. భయం మధ్యలోనే నాకు దండం పెట్టాలనిపించింది. ఆమెకో, ఆ వరసకో.

సాయంత్రం అయిదుకు నాలుగు వందల పదకొండు వంతులు దొరికాయి. ఏడు దొరకలేదు.

పెనుమూరు వైపు ఒక పల్లె వాళ్లు తొమ్మిదిమంది ఒకరి వెనక ఒకరు నిలబడి పేర్లు ఎక్కించుకున్నారు. ఊళ్లో చావు కబురు రాగానే బండ్లు వదిలి తొమ్మిదిమందీ వెళ్లిపోయారు. పిలుద్దామంటే వాళ్ల ఫోను నంబర్లూ పట్టీతోనే పోయాయి. మనుషులే లేరు కాబట్టి సుగుణ ఒక్క సాక్షితోనే సరిపెట్టుకుంది. మొదటివాణ్ణి వాడి ముందువాడు గుర్తుపట్టాడు. చివరివాణ్ణి వాడి వెనకవాడు గుర్తుపట్టాడు. మధ్య ఏడుగురికీ తమలో తామే సాక్షులు. వాళ్లూ నా గదుల లాగే అందరూ ఒక్కచోటికే పోయారు. కాయ మెత్తబడుతోందని మిగతావాళ్లు గోల పెట్టారు. దొరకనివాళ్లు వరస చివరికి, అని మేనేజరు పట్టీ మూసేశాడు.

మీకు చెప్పవలసిన అసలు సంగతి ఇక్కడ ఉంది. ఆ ఏడుగురి వంతులు నాకు తెలుసు. తీసేసే ముందు పట్టీ చూశానన్నాను కదా. అంకె ఒకసారి చూస్తే నా బుర్రలోంచి పోదు. రెండు వందల నాలుగు నుంచి రెండు వందల పది. ట్రాక్టరు నంబర్లతో సహా ఈరోజు కూడా చెప్పగలను. అప్పుడే చెప్పి ఉంటే, ఆ సమయానికి నువ్వు పట్టీ ఎందుకు తెరిచావని అడిగేవాళ్లు. ఆ ప్రశ్న నా దాకా రాకూడదని నోరు మూసుకున్నాను. మర్నాడు ఏడుగురూ వచ్చి కిటికీ ముందు నిలబడ్డారు. సుగుణ వాళ్లకు చేతులు జోడించి, తప్పు తనదేనని చెప్పింది. నేను పక్కనే ఉండి బరువులు రాస్తున్నాను. వాళ్ల వంతు వచ్చేసరికి కాయ పనికిరాకుండా పోయింది. రోడ్డు పక్కన కుమ్మరించి ఖాళీ బండ్లతో వెళ్లారు. మూడు రోజులు ఆ దారంతా పులిసిన తీపి వాసన.

అప్పటికే, సుగుణ పట్టీ పూర్తి చేసిన సాయంత్రమే, రాయవలసిన ఆ ఒక్క లైను రాశాను. మూడు గదులనూ మూడు కంప్యూటర్లకు మార్చాను. లైను రాయడానికి అర నిమిషం పట్టింది. ఆ తర్వాత ఒక్క పేరూ పోలేదు. అందరూ మెచ్చుకుంటారు. మరుసటి ఏడు కాయల కాలానికి సుగుణను పిలవలేదు.

పోయిన నెల తిరుపతి బస్సులో ఆమెను చూశాను. నా ముందు సీటులో ఉంది. పక్కావిడకు నవ్వుతూ చెబుతోంది, తాను ఒకప్పుడు ఒక్క స్విచ్చితో నాలుగు వందల మంది వరస పోగొట్టిందట. అప్పటి నుంచి కరెంటు స్విచ్చి ముట్టుకోవాలంటే చెయ్యి వణుకుతుందట, ఇంట్లో కూడా ఎవరినైనా పిలిచి వేయించుకుంటుందట. పక్కావిడ కూడా నవ్వింది. నా ముందర ఎవరున్నారో నాకు తెలుసు. తన వెనక ఎవరున్నారో ఆమెకు తెలియదు. భుజం తట్టడానికి చెయ్యి లేపాను. దించేశాను. తిరుపతి ఇంకా రాకముందే దిగిపోయాను.

ఇది రాసినంత మాత్రాన లెక్క సరిపోదని తెలుసు. మీరు క్షమించినా సరిపోదు. పోయినవి మీవి కావు. కాకపోతే ఇన్నేళ్లూ ఒక్క తలలోనే ఉన్న మాట ఇప్పుడు రెండు తలల్లో ఉంది. కొంచెం ఊపిరి ఆడుతోంది.

నిజం చెప్పవలసినవాళ్లు ఏడుగురు రైతులు, ఒక సుగుణ. ఇప్పటిదాకా వాళ్లలో ఒక్కరికీ చెప్పలేదు. బాకీ ఎనిమిది.